దువ్వెన చెక్కిన రాయి

రాతి మీది చెక్కడాన్ని గీసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రాయి మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి, చెక్కడానికి దూరంగా నాలుగు మూలలా టేపు అంటించి, ఉలి దెబ్బ కనిపించిన చోటల్లా నల్ల పెన్నుతో గీత గీయాలి. దెబ్బ ఉందని గట్టిగా తెలిస్తే నిండు గీత. ఉందో లేదో తెలియకపోతే చుక్కలు. ఏమీ లేకపోతే ఖాళీ. మూడు కాళ్ళ గుర్రం కనిపిస్తే నాలుగో కాలు మనం ఇవ్వకూడదు. ఆ బొమ్మకు అర్థమేమిటన్నది షీటు మీద ఎక్కడా రాయకూడదు. ఈ చివరి నియమం నాకు బాగా నచ్చింది.

2015 చలికాలంలో నేను చేసిన పని అది. అబుదాబి శివారు ముసఫ్ఫాలో ఒక చిన్న సర్వే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. రోడ్లు, పైపులు, మురుగు కాలువలు గీసేవాణ్ణి. ఫుజైరా వైపు కొండల్లో ఒక వాదీకి, అంటే వాన పడితే తప్ప పారని రాళ్ళ వాగుకు, అడ్డంగా చిన్న డ్యాం కట్టబోతున్నారు. కట్టేలోపు అక్కడి రాళ్ళ మీదున్న పాత చెక్కడాలన్నీ గీసిపెట్టాలన్నారు. ఆ పనికి నన్నే ఎందుకు పంపుతున్నాడో మా ముదీర్, అంటే మేనేజరు, చెప్పాడు: నాకు ఓపిక ఎక్కువట. అసలు సంగతి వేరు. ఆఫీసులో నేను ఎదురుగా కూర్చుంటే ఎవరూ హాయిగా నవ్వుకోలేకపోతున్నారు.

అప్పటికి మా ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. డాక్టర్లు చెప్పిన జబ్బు పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. అబుదాబిలోనే దహనం చేశాం. అస్థికలు ధర్మపురి దగ్గర గోదాట్లో కలిపాం. భూమ్మీద ఎక్కడా ఆమె పేరున ఒక రాయి లేదు. మనలో ఆ అలవాటు లేదు కాబట్టి అదొక లోటని నాకు తోచలేదు. అసలప్పుడు నాకు ఏదీ తోచేది కాదు. ఆకలి వేసేది, నిద్ర పట్టేది, ఆఫీసుకు టైముకు వెళ్ళేవాణ్ణి. ఏడుపు మాత్రం రాలేదు. పంటి డాక్టరు సూది పొడిచాక చెంప ఎలా ఉంటుందో మనిషి మొత్తం అలా ఉన్నాను.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక అర్థం చెప్పి పోయారు. దేవుడికి మంచివాళ్ళే కావాలన్నారు. రాసిపెట్టి ఉందన్నారు. అన్నిటికంటే ఎక్కువమంది చెప్పింది, ‘ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు’ అని. పసుపు కుంకుమలతో, భర్త కళ్ళెదుట పోవడం గొప్పట. ఆ గొప్పకు కారణం నేను బతికి ఉండటం. కోపం రావలసిన మాట. రాలేదు. టీ తాగి వెళ్ళమన్నాను.

ఆ ఏడాది నా నోట ఎక్కువగా వచ్చిన మాట ‘సరే’. మరదలు కరీంనగర్ నుంచి ఫోన్ చేసి అమ్మాయి సంగతి ఎత్తినప్పుడూ అదే అన్నాను.

“బావా, ఆడపిల్ల. నువ్వు పొద్దున పోతే రాత్రికొస్తవ్. రేపు పెద్దమనిషైతే ఎవలు చూస్తరు? మార్చిల పరీక్షలు కాంగనే నేనొచ్చి తీస్కపోత. మా పిల్లలతోని సదువుకుంటది” అంది.

“సరే” అన్నాను.

మరదలిది మంచి మనసు. అక్క కూతుర్ని తన పిల్లల్లాగే చూసుకుంటుందని నాకు తెలుసు. ఆమె చెప్పిన దాంట్లో తప్పు వెతకడానికి కూడా నాకు ఓపిక లేదు. అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. సంగతి చెబితే తను కూడా “సరే డాడీ” అంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఇద్దరమూ సరే అనేవాళ్ళమే. అలా ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది.

మేముండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన పోర్షన్లో. పక్క పోర్షన్లో గుంటూరు వైపు అక్క ఒకావిడ ఉండేది. నేను వాదీకి వెళ్ళే రోజుల్లో తెల్లవారకముందే బయల్దేరేవాణ్ణి. అమ్మాయిని తయారుచేసి బడి బస్సెక్కించేది ఆవిడే. ఒకరోజు నన్ను గుమ్మంలో ఆపింది.

“తమ్ముడూ, పిల్ల జుట్టు చూశావా? లోపలంతా ఉండలు కట్టేసింది. దువ్వబోతే నన్ను ముట్టుకోనివ్వదు. పైపైన సర్దుకుని ‘అయిపోయిందాంటీ’ అంటుంది. పైనొక రబ్బరు బ్యాండు వేసి పంపిస్తన్నా. ఇట్టాగే ఉంటే కత్తిరించెయ్యాల్సిందే, చెప్తన్నా.”

“సరే అక్కా” అన్నాను.

“ఏంటి సరే? కత్తిరించమంటావా?”

దానికి నేనేం చెప్పానో గుర్తు లేదు. మరదలు కూడా ఫోన్లో అదే అంది. తీసుకెళ్ళగానే వేములవాడలో తలనీలాలు ఇప్పిస్తే మొక్కూ తీరుతుంది, చిక్కూ వదులుతుంది అని. మా ఆవిడకు కూతురి జుట్టంటే ప్రాణం. రోజూ పొద్దున వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని దువ్వేది. ఆ దువ్వెన, చేతి అద్దం, కాటుక డబ్బా, మిగిలిన గాజులు అన్నీ ఒక సూట్‌కేసులో పెట్టి, తాళం వేసి, బీరువా మీద పడేశాను. ఎవరో అలా చెయ్యమన్నారు, చేశాను.

వాదీలో నేను పనిచేసింది ఒక స్కాట్లండ్ ఆవిడ దగ్గర. అరవై దాటిన మనిషి. ఎండకు ముఖమంతా ఎర్రబారి, మోకాళ్ళకు గుడ్డ పట్టీలు కట్టుకుని, రాళ్ళ మధ్య నాలుగు కాళ్ళ మీద తిరిగేది. తన దేశంలో జీవితమంతా చెక్కిన రాళ్ళతోనే గడిపిందట. నా దుఃఖం సంగతి కంపెనీవాళ్ళు ముందే చెప్పినట్టున్నారు. మొదటి రోజు చేయి కలిపి, “విన్నాను” అంది. అంతే. ఇంకే అర్థమూ చెప్పలేదు. ఆ ఒక్క కారణానికే నేను ఆవిడకు నమ్మకస్తుణ్ణి అయిపోయాను.

నడినెత్తి మీద సూర్యుడుంటే చెక్కడాలు కనపడవు. రాయి ఉత్త రాయిలాగే ఉంటుంది. పొద్దున్నే, సాయంత్రమే వెలుగు పక్కనుంచి పడి గాట్లలో నీడ నిలుస్తుంది. మధ్యలో పని ఆగకుండా ఆవిడొక పెద్ద అద్దం తెచ్చుకుంది. నేను ఎండలో అద్దం పట్టుకుని వెలుగును రాతి మీదికి ఏటవాలుగా కొట్టేవాణ్ణి. అప్పటిదాకా ఏమీ లేని చోట ఒక రౌతు, ఒక పాము, రెండు పాదాలు తేలేవి. అద్దం పక్కకు తిప్పితే మళ్ళీ మాయం. ఆ పని నాకు కష్టమనిపించలేదు, సంతోషమూ అనిపించలేదు. రోజు గడిచేది.

మిట్టమధ్యాహ్నం కారు నీడలో కూర్చుని పెరుగన్నం తింటుంటే ఆవిడ లాప్‌టాప్‌లో తన ఊరి రాళ్ళు చూపించేది. స్కాట్లండ్‌లో ఎప్పుడో వెయ్యేళ్ళకు పైన పిక్టులనే జనం ఉండేవారట. నిలువెత్తు రాళ్ళు పాతి వాటి మీద గుర్తులు చెక్కారు. నెలవంక, దాని మీద విరిగిన బాణం. చేప. పాము. ఏనుగో మొసలో తెలియని ఒక జంతువు. ఊరూరా అవే గుర్తులు, ఒకే లెక్కన. వాటికి అర్థం మాత్రం ఎవరికీ తెలియదు. చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

“నలభై ఏళ్ళు చూసినా తెలియలేదా?” అన్నాను.

“చాలా అర్థాలు తెలుసు. ఏది నిజమో తెలియదు” అని నవ్వింది.

ఒక రాయి దగ్గర నేను ఆగమన్నాను. నెలవంకకు కింద, ఓ మూలగా, పిడి ఉన్న గుండ్రటి అద్దం. దాని పక్కన దువ్వెన. రెండు వైపులా పళ్ళున్న దువ్వెన, మన పేల దువ్వెన లాంటిది. ఇవి చాలా రాళ్ళ మీద ఉంటాయట. అద్దం, దువ్వెన ఉంటే ఆ రాయి ఒక స్త్రీదని చాలామంది అంటారట. చనిపోయిన స్త్రీదని. మా బీరువా మీది సూట్‌కేసు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంతే, గుండె ఏమీ కదల్లేదు. డబ్బా మూత పెట్టి పనికి లేచాను.

వాగు పైభాగాన ఒక ఖర్జూరం తోట ఉంది. ఫిబ్రవరిలో మేము అక్కడిదాకా చేరాం. తోట గట్టుకు ఆనుకుని నడుమెత్తు రాయొకటి కనిపించింది. ఆవిడే ముందు చూసింది. చూసి, ఇంగ్లీషులో కూడా కాదు, తన సొంత భాషలో ఏదో అరిచింది. రాతి మీద దువ్వెన ఉంది. పక్కన పిడి ఉన్న గుండ్రటి బొమ్మ. ఆ గాట్లనిండా ఎర్రటి రంగు.

 తన దేశపు రాళ్ళకు ఒకప్పుడు రంగులు వేసి ఉంటారని ఆవిడ నమ్మకం. అక్కడి వానలకు రంగు చుక్క కూడా మిగల్లేదు. ఈ ఎడారి కొండల్లో, గాట్లలో రంగు నిలిచిన చెక్కడం దొరికితే తన జీవితానికి అది చాలు. ఎవరూ ముట్టుకోవద్దంది. రంగు పొడి తీసుకోవడానికి గాజు గొట్టాలు, పట్టకారు తెమ్మంది. నన్ను అద్దం పట్టుకోమంది.

వెలుగు రాతి మీదికి తిప్పి వంగి చూశాను. ఎరుపు పక్కన పసుపు. రాతి కింద నల్లబడిన ఒత్తి ముక్క, అగరుబత్తి పుల్లలు, అరచిప్ప కొబ్బరి. వాటి వెనక, అన్నీ రెండు దిర్హాములకే అమ్మే షాపులో దొరికే ప్లాస్టిక్ దువ్వెన ఒకటి, గులాబీ రంగు చట్రమున్న చిన్న అద్దం ఒకటి.

“మేడమ్, ఇది పాత రంగు కాదు. కుంకుమ” అన్నాను.

“అంటే?”

“మా ఆడవాళ్ళు నుదుట పెట్టుకునేది.”

ఆవిడ పట్టకారు కింద పెట్టింది. “ఎంత పాతది అంటావు?”

“పోయిన శుక్రవారానిది అయ్యుంటుంది.”

పాపం, ఆవిడ అక్కడే కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళలో కొన్ని నవ్వుకు సంబంధించినవి కావని నాకు అనిపించింది. నేనేమో ఓదార్చడం ఎలాగో మరిచిపోయినవాణ్ణి. నీళ్ళ సీసా అందించాను.

తోటలో పనిచేసేది జగిత్యాల పక్క పల్లెల మనుషులు. మమ్మల్ని చూసి నలుగురూ గట్టు మీద గుంపుగా నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన ముందుకొచ్చాడు. నేను తెలుగులో పలకరించేసరికి సగం భయం పోయింది.

“మేమే బొట్టు వెట్టినం సార్. తప్పయితదా? అర్బాబ్‌కు చెప్తరా?” అన్నాడు. అర్బాబ్ అంటే తోట యజమాని.

“రాయిని ఖరాబు చెయ్యలే కదా?”

“లే సార్, కడిగి, బొట్టు వెట్టి, దండం వెట్టుకున్నం. గంతే. సూడున్రి, దువ్వెన ఉంది, అద్దం ఉంది. ఎవలో ఆడామె, ముత్తైదువగ పోయిందన్నట్టు. గందుకే గవి చెక్కిన్రు. మా దిక్కు గసొంటామె పేరు మీద పసుపు, కుంకుమ, దువ్వెన, అద్దం వెడ్తరు. అదృష్టవంతురాలు సార్. గట్ల పోవాల్నంటే పుణ్యం జేస్కోవాలె.”

అప్పుడు నా నోరు నా చేతిలో లేదు.

“నీకెట్ల తెల్సు అదృష్టవంతురాలని? నువ్వు చూసినవా? ఆమెను అడిగినవా పోతవా అని? ఎన్నేండ్లున్నయో తెల్సా ఆమెకు?” అని అరిచాను. గొంతు కొండలకు తగిలి వెనక్కి వచ్చింది. ఏడాదిలో నేను గొంతెత్తడం అదే మొదటిసారి. అదీ ఎవరి మీద? కుంకుమ పొట్లం పట్టుకుని నిలబడ్డ ముసలాయన మీద.

ఆయనకు కోపం రాలేదు. నా ముఖంలోకి కాసేపు చూసి, “మీ ఇంట్ల ఆమెనా సార్?” అన్నాడు. తలూపాను. ఆయన వెళ్ళి కొబ్బరి చిప్ప, అగరుబత్తి పుల్లలు, ఆ దువ్వెనా అద్దమూ ఏరి సంచిలో వేసుకున్నాడు. నేను తల వంచుకుని రాతి మీద షీటు పరిచి గీయడం మొదలుపెట్టాను.

కాసేపటికి తోట యజమాని బండి దిగాడు. ముసలి అరబ్బు, చేతికర్రతో నడుస్తున్నాడు. రాయిని చూసి పెదవి విరిచాడు. అది దువ్వెనా కాదు, అద్దమూ కాదన్నాడు. పూర్వం ఈ లోయలో తిరిగిన ఒక తెగ తమ ఒంటెలకు వేసే వాత అది. ‘ఈ నీళ్ళు మావి’ అని రాళ్ళ మీద కూడా చెక్కేవారట. కుంకుమ సంగతి ఆయనకు చెప్పలేదు. ఎర్రమన్ను అనుకున్నాడేమో, అడగలేదు. ఆయన వెళ్ళాక పెద్దాయనకు ఈ మాట తెలుగులో చెప్పాను.

“ఒంటె వాతనా?” అని గడ్డం గోక్కున్నాడు. “పోనీ సార్. ఒంటెకు మొక్కినం అనుకుంటం. ఖలాస్.”

ఆవిడ అంతా చూస్తూనే ఉంది. ఎందుకు అరిచానని అడిగింది. ముత్తైదువ అంటే ఏమిటో, జనం నాతో ఏమన్నారో ఇంగ్లీషులో చెప్పాను. ఆ భాషలో చెబుతుంటే ఇంకెవరి కథో చెబుతున్నట్టుంది. ఆవిడ విని, నేను ఆ మధ్యాహ్నం గీసిన షీటు తీసుకుని రాతి మీద పెట్టింది. దువ్వెన పళ్ళు నేను వరసగా, నిండు గీతలతో గీశాను. రాతి మీద చివరి రెండూ లేవు. కుంకుమ పులిమి ఉందంతే.

“ముసలాయన ఒక్కడే కాదు, నువ్వూ దువ్వెననే చూశావు. నేనూ అంతే” అంది. తర్వాత మెల్లగా చెప్పింది. “మా రాళ్ళ మీద అద్దం, దువ్వెన చనిపోయిన స్త్రీవని నేను ఇప్పుడు అనుకోను. అవి ఆ రాయి నిలబెట్టిన మనిషివేమో. పోయిన వ్యక్తి భార్యవో, తల్లివో, కూతురివో. మిగిలినవాళ్ళవి. రుజువు లేదు. చుక్కలే.”

రాయిని నీళ్ళతో, మెత్తటి కుంచెతో కడిగి, ఆరాక మళ్ళీ గీయాలని తేల్చింది. రిపోర్టులో కుంకుమ మాట రాయనంది.

మళ్ళీ గీయడానికి శుక్రవారం తప్ప వీలు కుదరలేదు. ఆ రోజు బడి లేదు. పక్కింటి అక్క షార్జాలో, అల్ నహ్దాలో ఉండే చెల్లెలింటికి వెళ్ళింది. చేసేది లేక అమ్మాయిని వెంట తీసుకెళ్ళాను. దారంతా కిటికీకి తలానించి పడుకుంది. లేచేసరికి రబ్బరు బ్యాండు ఊడిపోయి జుట్టంతా ముఖం మీద పడింది. అక్క చెప్పింది నిజమే, వెనక మెడ దగ్గర గుప్పెడంత ఉండ కట్టి ఉంది. రోజూ నా ఎదురుగా అన్నం తినే పిల్ల. నేను చూడలేదు.

నేను రాయి మీద షీటు పరిచాను. స్కాట్లండ్ ఆవిడ అద్దం ఎలా తిప్పాలో అమ్మాయికి చూపించి, తను నీడలో కూర్చుంది. వెలుగు గాట్లలో పడగానే పిల్ల “ఓ!” అంది. ఈసారి జాగ్రత్తగా గీశాను. ఉన్న పళ్ళకు నిండు గీత. లేని రెండింటి చోట ఖాళీ. పిడి ఉన్న గుండ్రటి దానికి సగం గీత, సగం చుక్కలు.

తోట పెద్దాయన మజ్జిగ పట్టుకుని వచ్చాడు. శుక్రవారం కదా, తలస్నానం చేసి తెల్ల చొక్కా వేసుకున్నాడు. అమ్మాయిని చూసి ఆగిపోయాడు.

“గదేంది బిడ్డా, జుట్టు గట్ల ఇరబోసుకున్నవ్? ఆడపిల్ల గట్లుండద్దు” అన్నాడు. నా వంక చూసి నాలుక కరుచుకున్నాడు. గబగబా గదిలోకి వెళ్ళి ఆ ప్లాస్టిక్ దువ్వెన తెచ్చాడు. “తీస్కో బిడ్డా. కొత్తదే. అమ్మవారి కాడ వెట్టింది, మంచిగుంటది.”

అమ్మాయి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“వద్దు తాతా. మా అమ్మది నా దగ్గరుంది.”

నేను పెన్ను పైకెత్తాను. లేకపోతే అక్కడొక అబద్ధపు గీత పడేది. సూట్‌కేసుకు తాళం ఉంది, తాళంచెవి నా చొక్కాల కింద ఉంది. మా ఇంట్లో ఏదీ దాగదని, దాచినవాడికి తప్ప అందరికీ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు కొండలు దాటాం. తర్వాత తనే అడిగింది.

“డాడీ, ఆ స్టోన్ ఎవరిది?”

“తెల్వది.”

“తాత అమ్మవారు అన్నడు.”

“తోట ఓనరు ఒంటెల గుర్తన్నడు.”

“మరి నువ్వేమన్నవ్?”

“నేను చుక్కలు పెట్టిన.”

నవ్వింది. ఏడాదిగా ఆ నవ్వు ఇంట్లో లేదు. అదీ నేను గమనించలేదు. ఇంకొంత దూరం పోయాక, కిటికీ వైపు తిరిగి అంది.

“పిన్ని దగ్గరికి అమ్మ దువ్వెన తీస్కపోవచ్చా? పిన్ని కడగద్దని చెప్తవా? దాంట్ల అమ్మ హెయిర్ ఉంది.”

 సరే అనబోయి ఆగాను. “ఇంటికి పోయినంక నాకు చూపిస్తవా?” అన్నాను.

ఇంటికి చేరాక బడి సంచీలోంచి జామెట్రీ బాక్స్ తీసింది. స్కేలు, వృత్తలేఖిని అన్నీ ఎక్కడో పారేసి, అందులో దువ్వెన ఒక్కటే పెట్టుకుంది. గోధుమ రంగు దువ్వెన, మూలన ఒక పన్ను విరిగింది. కరీంనగర్‌లో పెళ్ళి సామాన్లతో పాటు కొన్నది. పళ్ళ మొదట్లో పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.

“దీంతోనే దువ్వుకుంటున్నవా రోజూ?”

“ఊఁ. పైన పైననే. లోపటికి దువ్వితే నావి వచ్చి మిక్స్ అయిపోతయి. అమ్మవి ఊడిపోతయి.”

దానికోసం ఏడాదిపాటు పిల్ల తల చిక్కు తీసుకోలేదు. ఆంటీని ముట్టుకోనివ్వలేదు. తలనీలాలంటే సరే అంది. నేనేమో కొండల్లో రాళ్ళకు అద్దం పట్టి గీతలు వెతుకుతూ ఉన్నాను.

చిక్కు తీస్తే కాసిని వెంట్రుకలు ఊడతాయి. మా ఆవిడ వాటిని దువ్వెన నుంచి తీసి, చూపుడువేలికి చుట్టి, ఉండ చేసి పక్కన పెట్టేది. ఇంటి నిండా వెంట్రుకలు ఎగరకూడదనేది. నేనూ అలాగే తీశాను. ఒక్కొక్కటే, తెగకుండా, వేలికి చుట్టాను. అమ్మాయి ఊపిరి బిగపట్టి చూసింది. వాదీలో మిగిలిన ప్లాస్టిక్ షీటు ముక్క రెండు పొరలు చేసి మధ్యన ఆ చుట్ట పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించాను. ఇంక ఊడదు, కడగనవసరం లేదు అని చెప్పాను. తను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసుకుంది. దాని మీద ఏమైనా రాయనా అంటే వద్దంది.

తర్వాత వంటింటి గడప మీద కూర్చుంది. నేను వెనక పీట వేసుకున్నాను. రోడ్లు గీసిన చేతికి జడ రాలేదు. మొదటిసారి పైనుంచి లాగితే కెవ్వుమంది.

“అట్ల కాదు డాడీ. అమ్మ కింద నుంచి దువ్వుతది. పైన గట్టిగ పట్టుకోవాలె, అప్పుడు నొయ్యదు.”

పైన గట్టిగా పట్టుకున్నాను. కింద నుంచి, కొసల నుంచి, కొంచెం కొంచెం. మెడ దగ్గర ఉండ విడిపోవడానికి చాలాసేపు పట్టింది. కొబ్బరినూనె అంతా నా మోచేతుల దాకా కారింది. మూడు పాయలు చేశాను. ఏది దేని మీదికి పోవాలో తనే చెబుతోంది.

జడ సగంలో ఉండగా ఫోను మోగింది. మరదలు. చేతులు ఖాళీ లేవు, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

“బావా, మార్చి ఇరవై తర్వాత టికెట్ చూస్తున్న. బుక్ చేయాల్నా?”

“వద్దు” అన్నాను.

“ఏంది?”

“పిల్ల నా దగ్గరనే ఉంటది. నువ్వు సెలవులకు రా, ఉండిపో. తీస్కపోవుడు మాత్రం వద్దు.”

“అట్లెట్ల బావా? నువ్వే కదా సరే అన్నవ్. ఒక్కనివి ఎట్ల చూస్తవ్? జుట్టు దువ్వుడు సుత రాదు నీకు.”

జవాబు చెబుదామని నోరు తెరిచాను. మాటకు బదులు ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో రానిది, దహనం రోజు రానిది, గోదాట్లో మోకాళ్ళ లోతున నిలబడ్డప్పుడు రానిది. ఫోను జారి పీట కింద పడింది. అందులోంచి “బావా, బావా” అంటోంది మరదలు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ పాయలున్నాయి.

అమ్మాయి వెనక్కి తిరగలేదు. తల కదిలించకుండా, నిటారుగా కూర్చుని చెప్పింది.

“జడ వదలకు డాడీ. విడిపోతది.”